చర్మం ఇస్తే పోయేదేముంది?

చీరకొంగుకు మంటంటుకుని మా పిన్ని ఆసుపత్రిలో చేరినప్పుడు, 'అతకడానికి ఒంటి మీద మంచి చర్మం మిగల్లేదమ్మా' అన్నారు డాక్టరుగారు. 1983లో అమెరికాలోని బోస్టన్‌లో, ఒళ్లు 95 శాతానికి పైగా కాలిన ఇద్దరు అన్నదమ్ములను, వాళ్ల కాసింత చర్మాన్నే లేబొరేటరీలో పొరలుగా పెంచి, అతికించి బతికించారు. గొప్ప సంగతే! కానీ ఆ పొర పెరగడానికి దాదాపు మూడు వారాలు పడుతుంది, ఖర్చూ ఎక్కువే. పిన్ని పన్నెండో రోజే పోయింది.

అందాకా గాయాన్ని కప్పి కాపాడేది, చనిపోయినవారు దానం చేసిన చర్మమే. ఆరు గంటల్లోగా తొడలు, వీపు నుంచి పల్చటి పొర మాత్రమే తీస్తారు. రూపు చెడదు. కళ్లు ఇస్తామని సంతకం పెడతాం కదా, చర్మం అనగానే 'అమ్మో' అంటామెందుకు? నేను మా ఇంట్లో చెప్పేశాను. మరి మీరు?