బండి కొనేముందు ఆస్పత్రికి రండి



మందులు, ఆహారం, టీకాల గురించి రాసే ఈ పేజీలో బండి నడపడం గురించి రాయడమేమిటని కొందరికి అనిపించవచ్చు. కాని తాటిచెట్టు మీద నుంచి పడి వెన్నెముక దెబ్బతిన్న గీత కార్మికుడు, షుగరు వల్ల కాలు తీసేయవలసి వచ్చిన వ్యాపారి, పక్షవాతం నుంచి కోలుకుంటున్న ఉపాధ్యాయురాలు, వీరంతా ఇంటికి వెళ్ళేముందు మమ్మల్ని అడిగేది ఒకటే. "సిస్టర్, నేను మళ్ళీ బండి నడపగలనా?"

దీనికి మన దగ్గర రెండు జవాబులు వినబడతాయి. ఇంటివాళ్ళు "నీకెందుకు ఆ శ్రమ, మేము లేమా" అంటారు. స్నేహితులు "మెకానిక్ షెడ్డుకు పద, వెనక రెండు చక్రాలు వేయిద్దాం" అంటారు. రెండూ ప్రేమతో అన్న మాటలే. అయినా మొదటి మాట మనిషిని జీవితాంతం మంచం పక్కనే కూర్చోబెడుతుంది, రెండవది కొన్నిసార్లు మళ్ళీ మా క్యాజువాలిటీకి తెస్తుంది. ఈ రెండింటికీ మధ్య ఒక మంచి దారి ఉంది. బండికి డబ్బు కట్టకముందే ఆ మనిషిని ఆక్యుపేషనల్ థెరపిస్టుకు చూపించాలి. ఇది ఈ రోజు మా విన్నపము.

ఆక్యుపేషనల్ థెరపీ అంటే ఏమిటి?

ఫిజియోథెరపీ అందరికీ తెలుసు. చచ్చుబడిన కండరానికి బలం తెప్పించడం, కీళ్ళు బిగుసుకుపోకుండా చూడడం వారి పని. ఆక్యుపేషనల్ థెరపిస్టు అడిగే ప్రశ్న వేరు. ఉన్న బలంతో ఈ మనిషి తన పనులు తాను ఎలా చేసుకోగలడు? స్నానం, చొక్కా గుండీలు, చపాతీ పిండి కలపడం, పిల్లవాడి చేత పలక మీద రాయించడం, ఇవన్నీ ఆ చికిత్సలో భాగమే. బండి నడపడం కూడా అలాంటి పనే. అమెరికా, బ్రిటన్ వంటి దేశాలలో డ్రైవింగ్ సామర్థ్యాన్ని పరీక్షించడానికి ఈ థెరపిస్టులు ప్రత్యేక శిక్షణ పొందుతారు.

మన దేశానికి ఈ విద్య కొత్తదేమీ కాదు. 1950లోనే బొంబాయిలోని కె.ఇ.ఎం. ఆస్పత్రిలో కమలా నింబ్కర్ గారు మొదటి ఆక్యుపేషనల్ థెరపీ పాఠశాలను ప్రారంభించారు. మిషన్ ఆస్పత్రులకు మరింత దగ్గరి సాక్ష్యం డాక్టర్ మేరీ వర్గీస్ గారు. వెల్లూరు సి.ఎం.సి.లో యువ వైద్యురాలిగా ఉన్న ఆమెకు 1954లో జరిగిన వాహన ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని నడుము కింది భాగం చచ్చుబడింది. ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. తరువాత న్యూయార్కులో పునరావాస వైద్యం చదివి తిరిగి వచ్చారు. 1966లో వెల్లూరులో ప్రారంభమైన పునరావాస కేంద్రానికి మూలస్తంభం ఆమే. ప్రాణం నిలిపి పంపించడంతో ఆస్పత్రి పని పూర్తి కాదని ఆమె జీవితమే చెబుతుంది.

శాతం చూసి నిర్ణయించవద్దు

మన కుటుంబాలలో చాలామంది సదరం సర్టిఫికెట్టు గాని యు.డి.ఐ.డి. కార్డు గాని చూసి లెక్క వేస్తారు. "ఎనభై శాతం రాశారు, ఇంక బండేమిటి" అంటారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. చాలా రకాల ప్రయోజనాలకు 40 శాతం కొలబద్ద. ఆ శాతం పింఛనుకు, రిజర్వేషనుకు, ఇతర సదుపాయాలకు అవసరమే. డ్రైవింగ్ సంగతి మాత్రం అది చెప్పదు.

చిన్నప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్ళూ పనిచేయని మనిషికి శాతం ఎక్కువే ఉంటుంది. కాని కళ్ళు, మెడ, చేతులు, ఆలోచన అన్నీ చక్కగా ఉంటే, చేతితో నడిపే ఏర్పాట్లున్న వాహనాన్ని అతడు భేషుగ్గా నడపగలడు. పక్షవాతం వచ్చి నాలుగు నెలలలో లేచి తిరుగుతున్న మరొకరికి పైకి ఏ లోపమూ కనబడకపోవచ్చు. కాని మెదడు దెబ్బ వల్ల ఎడమవైపు ఉన్నవాటిని ఆయన గమనించలేకపోవచ్చు. కంచంలో ఎడమవైపు అన్నం అలాగే వదిలేస్తుంటారు, గుమ్మంలో ఎడమ భుజం తగులుతుంటుంది. అటువంటి వారు రోడ్డు మీదకు వెళితే ఎడమవైపు నడిచే బడిపిల్లలు వారికి కనబడరు. ఈ ఇద్దరిలో ఎవరికి బండి ఇవ్వవచ్చో కాగితం మీది శాతం చెప్పలేదు. పరీక్ష చెబుతుంది.

ఏమేమి పరీక్షిస్తారు?

ముందు గదిలోనే చూపు దూరం, పక్కచూపు, మెడ ఎంతవరకు తిరుగుతుంది, చేతి పట్టు, ఆనుకోకుండా కూర్చోగల శక్తి, ప్రమాదం కనబడగానే స్పందించే వేగం, ఒకేసారి రెండు విషయాలపై మనసు పెట్టగల శక్తి చూస్తారు. షుగరు ఉన్నవారికి పాదాల స్పర్శ చూడాలి. అరికాలిని సన్నని నైలాన్ పోగుతో తాకి, తెలుస్తోందో లేదో అడుగుతారు. స్పర్శ పోయిన పాదం బ్రేకు మీద ఉందో యాక్సిలరేటరు మీద ఉందో మనిషికి తెలియదు. తరువాత చక్రాల కుర్చీలోంచి సీటులోకి ఎలా మారాలి, కుర్చీని మడిచి ఎక్కడ పెట్టుకోవాలి అన్నది నేర్పుతారు. ఇవన్నీ అయ్యాకే ఖాళీ మైదానంలో వాహనం, చివరికి రోడ్డు.

వాహనంలో చేయవలసిన మార్పులు కూడా ఈ పరీక్షను బట్టే ఉండాలి. ఎడమ కాలు లేనివారికి గేర్లు మార్చే పనిలేని ఆటోమేటిక్ కారు చాలావరకు సరిపోతుంది. కుడి కాలు లేనివారికి ఎడమ కాలితో నొక్కే యాక్సిలరేటరు అమర్చవచ్చు. రెండు కాళ్ళూ పనిచేయకపోతే స్టీరింగు పక్కన చేతితో నడిపే లివరు పెడతారు. దానిని ఒకవైపు నెడితే బ్రేకు పడుతుంది, మరోవైపు లాగినా తిప్పినా వేగం పెరుగుతుంది. ఒక్క చేయే పనిచేసేవారికి స్టీరింగుకు గుండ్రని పిడి బిగిస్తారు.

మన ఊళ్ళలో ఎక్కువగా కనబడేది పక్క చక్రాలు వేసిన గేర్లులేని స్కూటరు. రెండు బ్రేకులూ చేతికే ఉంటాయి కనుక కాళ్ళు పనిచేయనివారికి అది మేలైనదే. కాని అది మామూలు స్కూటరులాగా మలుపులో పక్కకు వంగదు. ప్రమాదానికి ముందు ద్విచక్ర వాహనం నడిపినవారు పాత అలవాటుతో అదే వేగంతో తిప్పితే బోల్తా పడుతుంది. వెనక వెడల్పు పెరిగిన సంగతి మరచిపోతే పక్క చక్రం మురుగు కాలువలో దిగుతుంది. ఈ రెండు సంగతులు అలవాటు కావడానికి కొన్ని రోజుల సాధన కావాలి. షెడ్డులోంచి నేరుగా బజారుకు వెళ్ళవద్దని మేము చెప్పేది అందుకే.

నర్సులుగా మేము చెప్పవలసినవి

నడుము కింద స్పర్శ లేనివారికి కాలు సైలెన్సరుకు తగిలినా తెలియదు. ఇంటికి వచ్చి ప్యాంటు విప్పినప్పుడు చర్మం కాలి ఊడిపోయి ఉంటుంది. ఆ పుండు మానడానికి నెలలు పడుతుంది. కాలు పక్కకు జారకుండా పట్టీ, సైలెన్సరుకు అడ్డుగా రేకు, కాళ్ళను పూర్తిగా కప్పే బట్టలు, బూట్లు తప్పనిసరి.

రెండవది కూర్చున్నచోట వచ్చే పుండ్లు. బండి సీటు మీద మామూలు స్పాంజి చాలదు, తగిన కుషను కావాలి. దూరప్రయాణమైతే అరగంట దాటకుండా బండి ఆపి, చేతుల మీద శరీరాన్ని పైకి లేపి, పిరుదులకు రక్తం ఆడనివ్వాలి. ఇంటికి రాగానే ఎవరైనా చర్మం చూడాలి. ఒంటరిగా ఉంటే అద్దంలో చూసుకోవాలి. ఎర్రబడిన చోటు నొక్కి వదిలినా తెల్లబడకపోతే ఆ రోజుకు బండి ఎక్కవద్దు.

మూడవది మూత్రం. బయలుదేరేముందు సంచి ఖాళీ చేయాలి, గొట్టం మడతపడకుండా చూసుకోవాలి. మెడలో గాని ఛాతీ పైభాగంలో గాని వెన్నుపాము దెబ్బతిన్నవారికి మూత్రాశయం నిండితే రక్తపోటు ఒక్కసారిగా పెరిగి, తల పగిలిపోయే నొప్పి, చెమటలు రావచ్చు. అలా అనిపించిన క్షణంలో బండి పక్కకు ఆపాలి. నాలుగవది మాత్రలు. కండరాలు బిగుసుకోకుండా వాడే కొన్ని మాత్రలు మత్తు తెస్తాయి. వాటి మోతాదు మార్చిన రోజులలో డాక్టరు చెప్పేవరకు బండి తీయవద్దు.

చట్టం మన పక్షాన ఉంది

వికలాంగులకు లైసెన్సు రాదన్న అపోహ ఇంకా పోలేదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో, వైకల్యం ఉన్నవారి కోసం తయారైన లేదా మార్పు చేసిన వాహనానికి ప్రత్యేక నిర్వచనం చేర్చారు. అటువంటి వాహనం నడపడానికి లైసెన్సు ఇవ్వవచ్చు. సొంత బండిని ఆ విధంగా మార్పించుకొని తరువాత రవాణా శాఖ ఆమోదం పొందే వీలు కూడా ఉంది. బధిరులకు లైసెన్సు నిరాకరించరాదని 2011లో ఢిల్లీ హైకోర్టు తీర్పు తరువాత దారి తెరుచుకుంది. 2020లో స్వల్ప, మధ్యస్థ వర్ణాంధత్వం ఉన్నవారికీ అవకాశం వచ్చింది.

అందరిలాగే వీరికీ ముందు ఎల్.ఎల్.ఆర్. రావాలి. అది ఆరు నెలలు చెల్లుతుంది, 30 రోజుల తరువాత అసలు లైసెన్సు పరీక్షకు వెళ్ళవచ్చు. చేసిన మార్పు ఆర్.సి.లో ఎక్కించండి, ఇన్సూరెన్సు కంపెనీకి తెలియజేయండి. లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు చిక్కులు వస్తాయి. దరఖాస్తులో మూర్ఛ గురించి, చూపు గురించి ప్రశ్నలుంటాయి. దాచిపెట్టి సంతకం చేయవద్దు. అది మనతోపాటు రోడ్డు మీది పొరుగువాని ప్రాణానికి సంబంధించిన విషయము.

పరీక్ష తరువాత కొందరికి "వద్దు" అని చెప్పవలసి వస్తుంది. ఆ మాట వినడం కష్టమే. కాని కారణం తెలిసి విన్న "వద్దు", భయపడి ఇంటివాళ్ళు అన్న "వద్దు" ఒకటి కావు. పక్షవాతం వచ్చినవారిలో కొందరు మెరుగుపడతారు కనుక కొన్ని నెలల తరువాత మళ్ళీ పరీక్షించవచ్చు. అప్పటికీ వీలుకాకపోతే ఆటో, బస్సు ఎక్కడం, ఒంటరిగా ప్రయాణం చేయడం కూడా థెరపిస్టు నేర్పుతారు.

కుటుంబాలు, సంఘము, ఆస్పత్రి

సమూయేలు రెండవ గ్రంథంలో మెఫీబోషెతు కథ మనకు తెలుసు. అయిదేళ్ళ వయసులో దాది చేతిలోంచి పడి అతని కాళ్ళు రెండూ చెడిపోయాయి. దావీదు అతనికి తన బల్ల వద్ద చోటిచ్చిన సంగతి మన ప్రసంగాలలో తరచుగా వింటాము. పందొమ్మిదవ అధ్యాయంలో అతడు రాజుతో చెప్పుకున్న మాటను మాత్రం అంతగా తలచుకోము. గాడిదను సిద్ధం చేయించుకొని, దానిపై తానే రాజుతోపాటు వెళ్ళాలని అతడు అనుకున్నాడు. కాని సేవకుడు తనను మోసగించడంతో వెనక ఉండిపోవలసి వచ్చిందని మొరపెట్టుకున్నాడు. బల్ల దగ్గర చోటు ఇవ్వడం గొప్ప దయే. అతనికి వాహనం కూడా కావాలి. మన సంఘాలలోని మెఫీబోషెతులకు భోజనం పెడుతున్నాము, బట్టలు ఇస్తున్నాము. వారి ప్రయాణం మాత్రం ఇంకా మరొకరి తీరిక మీద ఆధారపడి ఉంది. ఆడపిల్లల విషయంలో ఇది మరీ ఎక్కువ. అన్నకు కొన్న పక్క చక్రాల బండి, అదే వైకల్యం ఉన్న చెల్లికి ఎందుకు కొనరని మేము అడుగుతున్నాము.

కుటుంబాలు బండికి డబ్బు కూర్చేటప్పుడు పరీక్షకు, శిక్షణకు, కుషనుకు కూడా కొంత పక్కన పెట్టండి. దాతలు బండి బహూకరించేటప్పుడు తాళంచెవితోపాటు శిక్షణ కూడా ఇప్పించండి. సంఘ పెద్దలు వారపు రోజులలో ఖాళీగా ఉండే చర్చి ఆవరణను సాధనకు ఇవ్వండి. గుడి మెట్ల పక్కన ఒక వాలుదారి, నీడలో ఒక బండి నిలిపే స్థలం వారికోసం ఉంచండి.

మన ఆస్పత్రి గురించి కూడా చెప్పాలి. మన జిల్లాలలో ఆక్యుపేషనల్ థెరపిస్టులు చాలా తక్కువ. ఇక్కడ ఫిజియోథెరపీ విభాగం ఉంది గాని థెరపిస్టు పోస్టు లేదు. వెన్నెముక రోగులకు నెలల తరబడి సేవచేసి, చివరి మెట్టు దగ్గర వదిలేయడం సబబు కాదని మా నర్సులందరి మనవి. ఆ పోస్టును మంజూరు చేయాలని పాలక కమిటీని కోరుతున్నాము. అంతవరకు మా వంతుగా చర్మం, స్పర్శ, మూత్రం, మాత్రల విషయాలు వార్డులోనే నేర్పుతాము. డాక్టరుగారిని అడిగి, థెరపిస్టు ఉన్న పెద్ద ఆస్పత్రికి చీటీ రాయిస్తాము.

కనుక మీ ఇంట్లో ఎవరైనా "నేను బండి నడపగలనా" అని అడిగితే వెంటనే అవుననీ కాదనీ అనవద్దు. వారిని వెంటబెట్టుకొని రండి. పాత డిశ్చార్జి కాగితాలు, వాడుతున్న మాత్రలు, కళ్ళజోడు తెచ్చుకోండి. కలిసి చూద్దాము.

ప్రభువు మీ రాకపోకలను కాపాడును గాక.

నర్సింగ్ సూపరింటెండెంట్, నర్సింగ్ సిబ్బంది తరఫున