వకీలు గడప ఎక్కేముందు

గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసిన ఒక సోదరుడు కొంతకాలం క్రితం గుండెపోటుతో మరణించాడు. అతని పేర ఉన్న జీవిత బీమా సొమ్ముకు భార్య దరఖాస్తు పెట్టగా, మధుమేహం ఉన్న సంగతి దాచిపెట్టారంటూ కంపెనీ తిరస్కరించింది. ఆ ఉత్తరం ఇంగ్లీషులో వచ్చింది. ఆమె అప్పటికి ఇంకా ఇద్దత్‌లోనే ఉంది. చదివి చెప్పిన బంధువు, వకీలును పెట్టక తప్పదనీ, వచ్చిన సొమ్ములో నాలుగో వంతు ఆయనకు పోతుందనీ అన్నాడట. నాలుగో వంతు పోతే పిల్లల చదువుకు ఏం మిగులుతుందని ఆమె ఆ ఉత్తరాన్ని పెట్టెలో పడేసింది. అది మా చేతికి వచ్చేసరికి ఎనిమిది నెలలు గడిచిపోయాయి.

ఉద్యోగ జీవితమంతా ఫైళ్ల మధ్య గడిపిన వాళ్లం కనుక, మేము ముందు అడిగినవి రెండే ప్రశ్నలు. పాలసీ ఏ తేదీన మొదలైంది? మధ్యలో ఎప్పుడైనా ప్రీమియం ఆగి, పాలసీ రద్దయి, తిరిగి కట్టారా? 2015లో సవరించిన బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం, జీవిత బీమా పాలసీ మొదలై మూడేళ్లు నిండితే, ఏ కారణం చూపి కూడా దానిని ప్రశ్నించే హక్కు కంపెనీకి లేదు. ఆమె భర్త పాలసీకి నాలుగేళ్లు నిండాయి, ఒక్క కిస్తీ కూడా తప్పలేదు. మధుమేహం ఉన్నదా లేదా అన్న చర్చే అక్కడ అనవసరం.

రెండో ప్రశ్న మన ప్రాంతంలో మరీ ముఖ్యం. పత్తి, మిర్చి చేతికొచ్చే దాకా రైతుకూ కూలీకీ చేతిలో డబ్బు ఆడదు. కిస్తీలు ఆగుతాయి, పంట అమ్మాక కట్టి పాలసీని పునరుద్ధరించుకుంటారు. అలా పునరుద్ధరించిన నాటి నుంచి మూడేళ్ల లెక్క మళ్లీ మొదలవుతుంది. ఈ సంగతి ఏజెంట్లు చెప్పగా మేము వినలేదు. మూడేళ్లు నిండకపోయినా నిరాశపడనక్కర లేదు. తిరస్కరణకు కారణాన్నీ, దానికి ఆధారాలనూ కంపెనీ లిఖితపూర్వకంగా చూపవలసిందే. మోసం రుజువు కాక, కేవలం తప్పుడు సమాచారమనే కారణంతో తిరస్కరిస్తే, కట్టిన ప్రీమియాలను తొంభై రోజుల్లో తిరిగి ఇవ్వాలి.

ఆమె చేత కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఒక పేజీ ఉత్తరం రిజిస్టరు పోస్టులో పంపించాము. నెల దాటినా జవాబు లేదు. అప్పుడు హైదరాబాదు లక్డీకాపూల్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాశాము. అక్కడ రుసుము లేదు. 50 లక్షల రూపాయల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఉంది. ఆ తీర్పు కంపెనీకి శిరోధార్యం, మనకు నచ్చకపోతే మాత్రం వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. అన్నిటికంటే మన వాళ్లకు తెలియని విషయం, అక్కడ వకీలుకు ప్రవేశమే లేదు. పాలసీదారుడో, వారసుడో, నామినీయో స్వయంగా చెప్పుకోవాలి. వీడియో ద్వారా కూడా విచారణ జరుపుతారు కనుక ఇద్దత్‌లో ఉన్న స్త్రీ ఇల్లు కదలనక్కర లేదు. విచారణ తేదీ రాకముందే కంపెనీ సొమ్ము చెల్లించింది. ఆమెకు అయిన ఖర్చు తపాలా, జిరాక్సు మాత్రమే.

అయితే అన్నీ మనమే చేసుకోగలమన్న ధీమా కూడా తగదు. ఈ మాట మా తప్పు చూసుకున్నాకే చెబుతున్నాము. ప్రకాశం జిల్లాకు చెందిన ఒక కుటుంబం ఆరోగ్య బీమా వివాదంలో, మా తెలివికి మేమే మురిసిపోయి, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో పిటిషను మేమే రాసిపెట్టాము. కట్టిన ప్రీమియం ఐదు లక్షలు మించకపోతే అక్కడా రుసుము లేదు, వకీలూ తప్పనిసరి కాదు. కాని కంపెనీ ఆసుపత్రి కేసు షీటు తెచ్చి, జబ్బు పాతదని వాదించింది. ఆ షీటు రాసిన డాక్టరును ఏ ప్రశ్నలు అడగాలో, ఏ ఆధారాలు తేవాలో మాకు తెలియలేదు. ఓడిపోయాము. ఆ ఇంటి పెద్దాయన ఈనాటికీ మమ్మల్ని ఒక్క మాట అనలేదు, అదే మాకు మరింత బాధ. సాక్ష్యాలతో తేలవలసిన వివాదానికి వకీలు కావాలి. రోడ్డు ప్రమాదంలో ఎదుటి వాహనం మీద వేసే కేసుకూ కావాలి.

కావలసినప్పుడు కూడా నాలుగో వంతుకు ఒప్పుకోవద్దు. వచ్చిన సొమ్ములో వాటా తీసుకునే ఒప్పందాన్ని బార్ కౌన్సిల్ నిబంధనలే నిషేధించాయి. రుసుమెంతో ముందే కాగితం మీద రాయించుకోండి. వకీలు సేవలో లోపం జరిగితే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే వీలు లేదని 2024 మే నెలలో సుప్రీంకోర్టు తేల్చింది. స్త్రీలకైతే, ఆదాయం ఎంతైనా సరే, 1987 నాటి చట్టం కింద ఉచితంగా వకీలును ఏర్పాటు చేయాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఒక దరఖాస్తు ఇస్తే చాలు, ఫోను నంబరు 15100. కమిషన్‌కు వెళ్లడానికి గడువు రెండేళ్లు. అంబుడ్స్‌మన్ జవాబు కోసం చూస్తూ దానిని దాటనివ్వకండి.

ఇక ఏ వకీలూ బాగుచేయలేనిది ఒకటుంది. మిరపకోతకు ఆటోలో వెళ్తూ బోల్తాపడి ఒక తల్లి మరణించింది. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా ఆమె బ్యాంకు ఖాతాలో ఉంది, నామినీకి రెండు లక్షలు రావాలి. జనాజా ఆలస్యం కాకూడదని ఇంటివారు పోలీసులకు చెప్పకుండానే అసర్‌ లోపు ఖననం చేశారు. ఎఫ్‌ఐఆర్ లేదు, పోస్టుమార్టం లేదు. నలభై రోజుల తరువాత మా దగ్గరకు వచ్చి, వకీలును పెట్టమంటారా అని అడిగారు. వద్దన్నాము, ఆ రుసుము కూడా దండగ అవుతుందని. ఖననంలో తొందర మంచిదే. ప్రమాద మరణాలలో చట్టం కోరే ఆ కొన్ని గంటల గురించి మన ఉలమాలు, మస్జిద్ కమిటీలు జుమా ప్రసంగాలలో మాట్లాడాలని కోరుతున్నాము. మిర్చి కోతల కాలం రాకముందే మొదలుపెడితే మంచిది.