బడి కూరలో ఊరి వాటా ఎంత?

స్థానిక పంటలతోనే పిల్లలకు అన్నం పెట్టాలని చెప్పని మంత్రి లేరు. 2021లో మధ్యాహ్న భోజనానికి ‘పీఎం పోషణ్’ అని పేరు మార్చినప్పుడు ‘వోకల్ ఫర్ లోకల్’ మాటనూ అందులో కలిపారు. రైతు ఉత్పత్తిదారుల సంఘాలను, మహిళా సంఘాలను ప్రోత్సహించాలన్నారు. ప్రోత్సహించాలట! నూటికి ఎంత కొనాలి, ఎన్నాళ్లలో డబ్బు చెల్లించాలి అన్నది మాత్రం తేల్చలేదు. అంకె లేని ఆదర్శం బడి గోడ మీద రాసుకోవడానికి పనికొస్తుంది.

బ్రెజిల్ అంకె వేసింది. 2009లో చట్టమే చేసింది. బడి భోజనానికి కేంద్రం ఇచ్చే డబ్బులో కనీసం 30 శాతం చిన్న రైతు కుటుంబాల దగ్గర నేరుగా కొనడానికే ఖర్చు పెట్టాలంది. ధర స్థానిక మార్కెట్‌కు తగ్గట్టు ఉంటే టెండరు అక్కర్లేదు. ప్రభుత్వ శిశు సంరక్షణ కేంద్రాలకూ ఇదే నియమం. మన దగ్గర చర్చంతా మెనూ మీద, పథకానికి ఎవరి పేరు పెట్టాలన్న దాని మీద. ఈ ముప్పై శాతం ఊసు ఎవరి నోటా రాదు.

మన ఊళ్లో జరిగేది చూడండి. వంట ఏజెన్సీ మహిళలకు బిల్లులు నెలల తరబడి రావు. అందాకా పప్పు, నూనె, కూరగాయలు అరువు. అరువిచ్చేది కిరాణా కొట్టు. అరెకరంలో వంగ, బీర వేసిన రైతు ఇవ్వలేడు, సాయంత్రానికి కూలి డబ్బులు కట్టాలి. అందుకని బడి ప్రహరీ పక్క తోటలోని వంకాయ తెల్లవారుజామున ఆటో ఎక్కి పట్నం మార్కెట్‌కు పోతుంది. పట్నం నుంచి వాడి, ముచ్చిక నల్లబడి వచ్చిన వంకాయ కొట్టు మీదుగా బడి గిన్నెలో పడుతుంది. స్థానిక పంటకు సరఫరా లేదని వాదించే పెద్దలు ఆ కొట్టు ఖాతా పుస్తకం ఒకసారి తిప్పి చూడాలి. లేనిది పంట కాదు, చెల్లింపు.

ముప్పై శాతమంటే కొంపలు మునిగే ఖర్చేమీ కాదు. 2025 మేలో పెంచాక ప్రాథమిక పాఠశాల విద్యార్థికి రోజుకు సరుకుల ఖర్చు 6 రూపాయల 78 పైసలు (బియ్యం వేరే). అందులో ముప్పై శాతం రెండు రూపాయల పైచిలుకు. వంద మంది పిల్లలున్న బడిలో రోజుకు 203 రూపాయలు, 220 పనిదినాలకు 44 వేలు దాటుతుంది. కొత్తగా పైసా అడగడం లేదు. ఉన్న డబ్బు ఏ దారిన పోవాలన్నదే ప్రశ్న.

టెండరుతో ధర తగ్గుతుంది, జవాబుదారు ఒకరే ఉంటారు అంటారు. గుడ్ల విషయంలో కొంత నిజమే కావచ్చు. ఆకుకూరకూ టెండరేనా? అంగన్‌వాడీల ఆహారానికి కాంట్రాక్టర్లను వాడొద్దని, గ్రామ సముదాయాలకు, మహిళా సంఘాలకు ప్రాధాన్యమివ్వాలని సుప్రీంకోర్టు 2004 అక్టోబరులోనే చెప్పింది. 2013 ఆహార భద్రత చట్టం పిల్లల భోజనాన్ని హక్కు చేసింది కానీ, రైతు వాటా ఇంత అని రాయలేదు.

చట్టంలో రాయకపోతే ఏమవుతుందో అమెరికా చూపించింది. బడులు, శిశు సంరక్షణ కేంద్రాలు స్థానిక ఆహారం కొనుక్కోవడానికని ప్రకటించిన సుమారు 66 కోట్ల డాలర్లను అక్కడి వ్యవసాయ శాఖ 2025 మార్చిలో రద్దు చేసింది. చట్టసభలో ఓటు లేదు, చర్చ లేదు. అదే ఏడాది బ్రెజిల్ తన ముప్పై శాతాన్ని 2026 నుంచి నలభై ఐదుకు పెంచుతూ చట్టాన్ని సవరించింది.

ధర పడిపోయినప్పుడల్లా పత్తికొండలో, మదనపల్లెలో టమాటా రోడ్డు మీద పోస్తారు. పరామర్శకు వెళ్లి ఫొటోలు దిగే నాయకులకు పక్క బడిలో టమాటా లేని పప్పుచారు కనిపించదు. రైతు మీద ప్రేమ, పిల్లల మీద ప్రేమ అంటూ ఇక కబుర్లు చాలించండి. రెండు తెలుగు రాష్ట్రాల శాసనసభలూ రెండు వాక్యాలు చట్టంలో రాయాలి: బడి, అంగన్‌వాడీ సరుకుల డబ్బులో ముప్పై శాతం ఆ మండలం రైతుకే. సరుకు దించిన వారంలోగా సొమ్ము అతని ఖాతాలో పడాలి.