ఉక్కపోత ఎందుకంత బాధిస్తుంది?

మే నెలలో రెంటచింతలలో 44 డిగ్రీల ఎండ కాస్తున్న రోజున మచిలీపట్నంలో 37 డిగ్రీలే ఉండవచ్చు. అయినా బందరువారు "ప్రాణం ఉసూరుమంటోంది" అంటే అది అతిశయోక్తి కాదు. సముద్రపు గాలి మోసుకొచ్చే తేమే దానికి కారణం.

మన శరీరం లోపలి వేడిని 37 డిగ్రీల దగ్గర నిలుపుకోవాలి. బయటి గాలి కూడా అంత వేడిగా ఉంటే, ఒంట్లోని వేడి పోవడానికి మిగిలే దారి చెమట ఒక్కటే. అయితే చెమట పట్టినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు. అది ఆరితేనే చల్లబడుతుంది. ఒక లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కిలో కేలరీల వేడిని తీసుకుపోతుంది. గాలి అప్పటికే తేమతో నిండి ఉంటే చెమట ఆరదు, ఊరికే కారిపోతుంది. నీరూ ఉప్పూ పోతాయి గాని చల్లదనం రాదు. ఇంట్లోని మట్టికుండను గమనించండి. పొడిగాలి వీచే రోజున నీళ్లు చల్లగా ఉంటాయి. ఉక్కగా ఉన్న రోజున అంతగా చల్లబడవు. మన ఒంటి సంగతీ అంతే.

అప్పుడు చర్మానికి ఎక్కువ రక్తం పంపాలని గుండె మరింత వేగంగా కొట్టుకుంటుంది. నీరసం, తలతిరుగుడు అందువల్లనే. 2015 వేసవిలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా వడదెబ్బకు మరణించారు. కనుక ఉక్కపోతను ఓర్చుకోవలసిన చిన్న ఇబ్బందిగా కొట్టిపారేయకండి.

ముఖ్యంగా ఇంట్లోని పెద్దవారిని కనిపెట్టి ఉండండి. వయసు మీరినకొద్దీ చెమటా, దాహమూ తగ్గుతాయి. వారు అడగకపోయినా ఉప్పు వేసిన మజ్జిగ అందించండి. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారి విషయంలో ఉప్పు, నీళ్ల మోతాదు డాక్టరును అడగండి. మూసిన గదిలో తడిబట్టలు ఆరవేయకండి. తేమ ఇంకా పెరుగుతుంది. కిటికీలు తెరిచి, ఫ్యాను వేసి, తడిగుడ్డతో ఒళ్లు తుడవండి. పొయ్యి దగ్గర నిలబడే ఇల్లాలికీ కాసేపు గాలి తగలనివ్వండి.

ఎవరైనా ఒళ్లు కాలిపోతూ, మాట తడబడి, మనిషిని గుర్తుపట్టలేకపోతే అది వడదెబ్బ కావచ్చు. వెంటనే 108కి ఫోను చేయండి. నీడకు చేర్చి, ఒంటిమీద నీళ్లు పోస్తూ విసరండి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం నీళ్లు పోయకండి. ఆలస్యం చేయని ఆ కొద్ది నిమిషాలే ఒక ప్రాణాన్ని నిలబెట్టగలవు.