గుఱ్ఱ మెక్కినవానికే చిత్రమా?

పందొమ్మిదవ శతాబ్దపు ఐరోపా చిత్రకారులు గుఱ్ఱపు రౌతులపైఁ జూపిన మక్కువ యింతంత గాదు. దూసిన కత్తులు, మెఱయు కవచములు, ఎగురు జూలు! వీనిని జూచి వీరరసమని తలయూఁచు రసజ్ఞులతో మేము కొంత కలహింపఁ దలఁచితిమి.

1815 వాటర్లూ యుద్ధమున స్కాట్స్ గ్రేస్ అను రౌతుదళము శత్రువులపైఁ గవిసిన తీరును ఎలిజబెత్ బట్లరు దొరసాని 1881లో చిత్రించెను. గుఱ్ఱములు పటమును జీల్చుకొని చూపఱుల మీఁదికే దూఁకుచున్నట్లుండును. నేర్పు గొప్పదే, కాదనువాఁడు గ్రుడ్డివాఁడు. కాని ఆ దళము ఆవేశమున హద్దు మీఱి పోయి, మరలునప్పుడు ఫ్రెంచి బల్లెపురౌతులకుఁ జిక్కి చిందఱవందఱయయ్యెను. ఆ గడియ నెవరు వ్రాయవలెను?

ఫ్రెంచివాఁడగు జెరికో వ్రాసెను. 1812లో పారిసు ప్రదర్శనమున నతఁడుంచిన పటమందు నెపోలియను రక్షకదళాధికారి యొకఁడు, మున్గాళ్లెత్తిన గుఱ్ఱముపై వెనుదిరిగి కత్తి దూయుచున్నాఁడు. ఆ యేఁటనే రష్యా దండయాత్రలో సేన నాశమయ్యెను. 1814లో నతఁడే మఱియొక రౌతును జూపెను. వీఁడు గాయపడి గుఱ్ఱము దిగినవాఁడు, ఒకచేత కళ్లెము, ఒకచేత ఊఁతకోలయైన కత్తి, బెదరిన చూపు. రెండు పటములును లూవ్రు చిత్రశాలయందే కలవు. బిడ్డలకు మొదటిదానిని జూపు తల్లిదండ్రులు రెండవదానిని దాఁచుట న్యాయము గాదు.

బట్లరు దొరసాని పక్షమువారు 1879లో నామె వ్రాసిన "సైన్యశేషము" అను పటమును మా ముందుంచుదురు. 1842 జనవరి 13వ తేదిని, కూలఁబోవు గుఱ్ఱముపై బ్రైడను అను వైద్యుఁడు జలాలాబాదు చేరుచున్నాఁడు. మేమును జాలిపడితిమి, పిమ్మట లెక్క చూచితిమి. వారము క్రిందట కాబూలు విడిచినవారు సుమారు 16,000. అందు సైనికులు 4,500. వారిలోఁ దెల్లవారు 700 మంది మాత్రమే. తక్కిన వేలమంది సిపాయిలు, వంటవారు, గుఱ్ఱపువాండ్రు, బరువులు మోయువారు, ఆలుబిడ్డలు. వీరిలోఁ బెక్కండ్రు మన దేశస్థులే. మంచులో నడచుచు, గుండ్లకును జలికిని నేలఁగూలిరి. బ్రైడనొక్కఁడే బ్రతికెనను ప్రథయు సరి గాదు. చెఱపడి విడుదలయైనవారును, తరువాత నీడ్చుకొనివచ్చిన సిపాయిలును గలరు.

వీరిలో నొక్కనికిఁ బటమునఁ జోటు లేదు. బయలు మైదానము, దూరపు కొండలు, కోటనుండి యెదురువచ్చుచున్న మఱికొందఱు రౌతులు.