దిబ్బకు ఆవలివైపు

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రానికి ఆగ్నేయ మూలన, మెక్సికో సరిహద్దు వరకు సాగిన ఇసుక దిబ్బల వరుస ఒకటి ఉన్నది. దాని పేరు ఆల్గొడోన్స్. పొడవు దాదాపు 70 కిలోమీటర్లు. వెడల్పు పది కిలోమీటర్ల లోపే. కొన్ని దిబ్బలు 90 మీటర్ల ఎత్తు వరకు లేచి ఉంటాయి. ఒకప్పుడు ఆ ప్రాంతంలో నిండుగా ఉండి, తరువాత ఎండిపోయిన కహుయిల్లా సరస్సు తీరపు ఇసుకను గాలి మోసుకొనివచ్చి పోసిన రాశి ఇది. ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో మోటారు కార్లు ఈ ఇసుకను దాటలేక కూరుకుపోతుంటే, 1915లో చెక్క పలకలు పరచి దారి వేశారు. 1926 వరకు రాకపోకలు ఆ పలకల మీదనే సాగాయి. పలక మీద నుండి చక్రం జారి ఇసుకలో దిగుతుందేమోనన్నదే నాటి ప్రయాణికుని దిగులు. నేడు అదే ఇసుకలో చక్రం దింపడానికే జనం ఎంతో దూరం నుండి తరలివస్తున్నారు.

ఎండలు తగ్గిన శరత్కాలం నుండి వసంతం వరకు అక్కడ సందడి. నవంబరు చివర వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగ సెలవులలో లక్ష మందికి పైగా చేరిన సందర్భాలున్నాయి. గ్లామిస్ అనే చిన్న ఊరి చుట్టూ గుడారాలు వెలుస్తాయి. తేలికైన మోటారు సైకిళ్లు, నాలుగు చక్రాల ఇసుక బండ్లు తెల్లవారినది మొదలు పొద్దు గుంకే వరకు దిబ్బలెక్కి దిగుతూ ఉంటాయి. వచ్చినవారిలో చాలామంది వద్ద కెమెరా ఉంటుంది. వారు తీసిన దృశ్యాలను ఎన్నడూ ఇసుక దిబ్బను చూడని యువకులు కూడా ప్రపంచమంతటా చూస్తున్నారు. సాయంకాలపు ఎండలో బంగారు రంగు దిబ్బ, దాని మీద ఒంటరి బండి, వెనుక చక్రం నుండి విసనకర్రవలె ఎగసే ఇసుక, అంచు దాటి గాలిలోకి లేచిన మనిషి. ఇరవై క్షణాలలో అంతా ముగుస్తుంది. ఆ దృశ్యం అందమైనదే. దానిని చూసి ముచ్చటపడిన వానిని తప్పుపట్టవలసిన పని లేదు. విచారించవలసినది ఆ ఇరవై క్షణాలలో చోటు దొరకని సంగతులను గురించి.

ఇసుక దిబ్బ దూరానికి గుండ్రంగా, మెత్తగా, రెండు వైపులా ఒకేవిధంగా కనిపిస్తుంది. నిజానికి దానికి రెండు ముఖాలు. గాలి వీచే వైపు వాలు నిదానంగా, నేల కొంత గట్టిగా ఉంటుంది. ఇసుక రేణువులు గాలికి దొర్లుతూ ఆ వాలు మీదుగా పైకి చేరి, అంచు దాటి ఆవలికి రాలుతాయి. రాలిన వైపు వాలు చూసేవానికి నిట్టనిలువుగా తోస్తుంది. కొలిస్తే 32 నుండి 34 డిగ్రీలు. అంతకు మించి పొడి ఇసుక నిలువదు, జారిపోతుంది. ఈ రెండు ముఖాలు కలిసేచోట అంచు కత్తివాదరవలె ఉంటుంది. కింది నుండి ఎక్కేవానికి ఆ అంచు వరకే దారి కనిపిస్తుంది. ఆవల మరొక మెట్ట ఉండవచ్చు, గిన్నెవంటి లోతైన గుంట ఉండవచ్చు, ఎదురుగా ఎక్కివస్తున్న మరొక బండి ఉండవచ్చు. పైగా నిన్న చూసిన ఆవలివైపు నేడు అట్లాగే ఉంటుందన్న నమ్మకం లేదు. రాత్రి గాలి గట్టిగా వీస్తే నిన్న సులువుగా దిగిన చోటు తెల్లవారేసరికి గోడవలె తెగి ఉంటుంది.

ఇటువంటి నేల మీద బండి నడపడం ఒక విద్య. వెనుక టైరుకు తెడ్లవంటి రబ్బరు పట్టీలుంటాయి. అవి ఇసుకను వెనుకకు తోస్తే బండి ముందుకు పోతుంది. నడిపేవాడు చాలావరకు కూర్చోడు. కాలి ఆనుల మీద నిలబడి, ఒంటి బరువును వెనుకకు ఉంచుతాడు. భయపడి ఒక్కసారిగా వేగం తగ్గించాడా, ముందు చక్రం ఇసుకలో దిగబడి మనిషి పల్టీ కొడతాడు. రోడ్డు మీద ప్రాణం కాపాడే అలవాటే ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. అనుభవజ్ఞుడు అంచుకు సూటిగా ఎదురు పోడు. ఏటవాలుగా ఎక్కి, అంచు వెంబడి బండిని మళ్లించి, ఆవలికి తొంగిచూసి, దిగదగినదని తోస్తేనే దిగుతాడు. దూకవలసి వస్తే ముందుగా నడచి ఎక్కి, కింద పడే చోటును స్వయంగా చూసి వస్తాడు. నమ్మకమైన మిత్రుని ఒకనిని అంచు మీద కాపుగా నిలబెడతాడు. నట్టనడి మధ్యాహ్నం అతడు దూకడానికి ఇష్టపడడు. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు నీడలుండవు. నీడలు లేనప్పుడు గుంటకూ మెట్టకూ తేడా తెలియదు. ఛాయాగ్రాహకులు ఉదయ సంధ్యలను కోరుకోవడం అందం కోసమైతే, రౌతు కోరుకోవడం ప్రాణం కోసం.

ఈ విద్యను చిత్రంలో బంధించాలన్న కోరిక కొత్తది కాదు. 1971లో బ్రూస్ బ్రౌన్ ‘ఆన్ ఎనీ సండే’ అనే డాక్యుమెంటరీ చిత్రం తీశాడు. ప్రసిద్ధ నటుడు స్టీవ్ మెక్వీన్ కూడా అందులో బండి నడిపాడు. నాటి బరువైన కెమెరాలనే రౌతుల హెల్మెట్లకు బిగించి కొన్ని దృశ్యాలు తీశారు. విశేషమేమంటే, అందులో ముఖ్య పాత్రధారులలో ఒకడైన మెర్ట్ లావిల్ విజేత కాదు. తన జాతీయ విజేత స్థానాన్ని నిలుపుకోలేక ఓడిపోయినవాడు. బండి చెడిపోవడం, మరమ్మతు చేసుకోవడం, ఊరూరా తిరగడం, మళ్లీ ఓడిపోవడం అన్నీ ప్రేక్షకుడు చూస్తాడు. 1995లో వచ్చిన ‘క్రస్టీ డీమన్స్ ఆఫ్ డర్ట్’ వీడియో మరొక దారి పట్టింది. పోటీ కథ వెనుకపడింది. హోరెత్తే సంగీతం నడుమ దూకుళ్లు, పడిపోవడాలు ముందుకు వచ్చాయి. 2002లో నిక్ వుడ్‌మన్ స్థాపించిన సంస్థ, సముద్రపు అలల మీద తేలే క్రీడాకారులను మనసులో పెట్టుకొని, మణికట్టుకు కట్టుకోదగిన చిన్న కెమెరాను 2004లో గోప్రో అన్న పేరుతో విడుదల చేసింది. ఆ తరువాత రౌతు తన చిత్రాన్ని తానే తీసుకోసాగాడు. ఇప్పుడు డ్రోన్లు రౌతును ఆకాశం నుండి వెంబడిస్తున్నాయి.

సాధనం చేతికి అందిన కొద్దీ చిత్రం పొట్టిదైంది. పొట్టిదైన చిత్రంలో ముందుగా పోయినది దిబ్బను చదివే ఘట్టం. నడచి ఎక్కిన అరగంట, అంచు మీద నిలిచిన మిత్రుడు, పనికిరాదని విడిచిపెట్టిన నాలుగు చోట్లు కత్తిరింపులో రాలిపోయాయి. ఇక మిగిలిన దానిలోనూ కెమెరా ఒక మోసం చేస్తుంది. విశాలమైన దృశ్యాన్ని ఒక్క చట్రంలో ఇమిడ్చే కటకం వాలును చదును చేసి చూపుతుంది. గుండె ఆగేటంత ఏటవాలు తెర మీద పిల్లలాడుకొనే జారుడుబల్లవలె కనిపిస్తుంది. ఈ సంగతి చూసేవానికంటే రౌతుకే ముందు తెలుస్తుంది. తాను పడిన భయం తెర మీద కనిపించలేదని నొచ్చుకొని, తరువాతి సారి మరింత ఎత్తు నుండి దూకుతాడు. అప్పుడు దిబ్బ కొలత గాలి చేతిలోనూ ఉండదు, రౌతు చేతిలోనూ ఉండదు. చూసేవాని కంటికి ఎంత చాలునో అంత కావలసివస్తుంది. ప్రమాదం మొదలయ్యేది ఇక్కడ.

అనుభవం ఉన్నవారికి కూడా ఇసుక వశం కాదనడానికి డాకార్ ర్యాలీ చరిత్ర చాలు. 1977లో లిబియా ఎడారిలో మోటారు సైకిలుతో దారి తప్పి, చావు అంచు వరకు వెళ్లి వచ్చిన తియెరీ సాబీన్ అనే ఫ్రెంచి యువకుడు ఆ మరుసటి ఏడాది చివర పారిస్ నుండి డాకార్ నగరానికి ఈ పోటీని ప్రారంభించాడు. 1986లో ఆ పోటీ జరుగుతుండగానే మాలీ దేశంలో హెలికాప్టరు కూలి మరణించాడు. రెండుసార్లు మోటారు సైకిలు విభాగంలో గెలిచిన ఫాబ్రిజియో మెయోని 2005లో మౌరిటానియాలోనూ, భారతీయ సంస్థ హీరో తరఫున పాల్గొన్న పోర్చుగీసు వీరుడు పాలో గొన్సాల్వెస్ 2020లో సౌదీ అరేబియాలోనూ పోటీ దారిలోనే ప్రాణాలు విడిచారు. భారతీయులలో ఈ పోటీని మొదట పూర్తిచేసినవాడు సి.ఎస్. సంతోష్, అది 2015లో. 2021లో ఆయన కూడా తీవ్రంగా గాయపడ్డాడు. 2024లో హరిత్ నోవా ర్యాలీ-2 విభాగంలో ప్రథముడై నిలిచాడు. వీరందరి వెనుక ఏళ్ల శిక్షణ, వెంట ఉండే వైద్యులు, ఆపదలో పిలిచిన వెంటనే కదిలే సహాయ బృందాలు ఉన్నాయి. సెలవు రోజున అద్దె బండి మీద ఇసుకలోకి దిగే యువకునికి ఉన్నది చేతిలోని ఫోను మాత్రమే.

కెమెరా దాచే ఆవలివైపు మరొకటి కూడా ఉన్నది. తెర మీద దిబ్బ ఎప్పుడూ నిర్మానుష్యంగా, నిర్జీవంగా కనిపిస్తుంది. అది నిజం కాదు. అమెరికాలో ఆల్గొడోన్స్ దిబ్బల మీద తప్ప కానరాని పియర్సన్ మిల్క్‌వెచ్ అనే చిన్న మొక్క అక్కడ పెరుగుతుంది. చిక్కుడు కుటుంబానికి చెందినది; ఊదారంగు పూలు, ఉబ్బిన కాయలు, పొడవైన తల్లివేరు దాని గుర్తులు. వేళ్లకు అంచు పొలుసులున్న బల్లి ఒకటి నీటిలో చేపవలె ఇసుకలోకి దూరిపోయి, పైపొరకు కొద్ది లోతులోనే నక్కి ఉంటుంది. చక్రం కిందపడితే అది నక్కిన చోటే దానికి గోరీ. 1994లో ఈ దిబ్బల ఉత్తర భాగాన్ని వాహనాలకు చోటులేని వనభూమిగా చట్టం ప్రకటించింది. 1998లో పై మొక్కను ముప్పున్న జాతిగా గుర్తించారు. 2000లో న్యాయస్థానంలో కుదిరిన ఒప్పందం మేరకు దాదాపు 49 వేల ఎకరాలను బండ్లకు తాత్కాలికంగా మూసివేశారు. రౌతులు ఆగ్రహించారు; ప్రకృతి ప్రేమికులు ఇది చాలదన్నారు. 2013లో ఆమోదం పొందిన ప్రణాళిక మూసిన భూమిలో ఎక్కువ భాగాన్ని తిరిగి తెరచి, మొక్కకు కీలకమైన చోట్లను మాత్రం మూసి ఉంచింది.

ఒక మొక్క కోసం వేలమంది ఆనందాన్ని ఆపడమేమిటని అడిగేవారు ఉన్నారు. ఇసుక మీద చక్రపు జాడ ఒక్క గాలికి మాసిపోతుంది కదా, నష్టమెక్కడ అని కూడా అంటారు. జాడ మాసిపోవడం నిజమే. కాని విరిగిన మొక్క గాలికి తిరిగి నిలబడదు. అట్లాగని ఆటను మొత్తంగా నిషేధించాలనడం కూడా న్యాయం కాదు. నిషేధించిన చోట ఆట ఆగదు. కాపు మనిషి, వైద్యుడు లేని మారుమూలకు పోతుంది. హద్దులు గీసి, హద్దుకు లోపల ఆడనివ్వడమే సరైన పద్ధతి. గ్లామిస్ ప్రాంతం ఎన్నో తగాదాల తరువాత చేరుకొన్నది ఇటువంటి చోటుకే. అక్కడ ప్రతి బండికీ నేల నుండి కనీసం ఎనిమిది అడుగుల ఎత్తున ఎగిరే చిన్న జెండా ఉండాలని నియమం. దిబ్బకు ఆవలివైపు నుండి ఎక్కివచ్చే బండి కనిపించకముందే దాని జెండా కనిపించాలన్నది ఉద్దేశం. చిత్రాలు తీసేవారిలో కొందరు ఆ జెండా దృశ్యాన్ని పాడుచేస్తున్నదని భావించి తీసివేస్తారు. ఆటకూ చిత్రానికీ ఉన్న పేచీ అంతా ఆ గుడ్డముక్కలో ఉన్నది. జెండా ఉన్న చిత్రం కొంత అందం తక్కువైనా నిజమైనది. అంచు మీద నిలిచిన మిత్రుని, నడచి ఎక్కిన శ్రమను, దూకకుండా వెనుదిరిగిన ఒక్క ఘట్టాన్ని అయినా ఉంచిన చిత్రం చూసేవానికి విద్యను చెబుతుంది; వాటిని తీసివేసిన చిత్రం కోరికను మాత్రమే రేపుతుంది. నిడివి కోసం వీటిని కత్తిరించక తప్పలేదన్న మాట ఒప్పుకోదగినది కాదు. ఒక జెండాకు ఎంత నిడివి కావాలి?

ఈ విచారణ తెలుగునాటికి దూరమైనది కాదు. విశాఖపట్టణానికీ భీమునిపట్నానికీ నడుమ సముద్రతీరాన ఎర్రమట్టి దిబ్బలున్నాయి. సముద్రం ముందుకు వెనుకకు జరిగిన వేల సంవత్సరాల కాలంలో గాలి పోసిన ఇసుక, ఇనుప ఖనిజపు తుప్పు పట్టి ఎర్రబడగా ఏర్పడినవి అవి. 2014లో వాటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. చలనచిత్రాలు తీసేవారికి ఆ ఎర్రని మలుపులు చిరకాలంగా పరిచితమైనవే. చేతిలో ఫోను, కింద బండి ఉన్న యువకునికి ఆ చోటు కూడా తెర మీది ఎడారివలె తోచవచ్చు. అయితే గ్లామిస్ దిబ్బలకూ వీటికీ ఒక భేదం ఉన్నది. అక్కడి ఇసుక నేటికీ గాలితో కదులుతున్నది. పగటి గాడిని రాత్రి గాలి పూడ్చివేస్తుంది. ఎర్రమట్టి దిబ్బలు కదలడం ఏనాడో మానుకొన్నాయి. అక్కడ మట్టి మీద చక్రం కోసిన గాడిని పూడ్చే గాలి లేదు. తొలకరి వాననీరు ఆ గాడిలోనే దిగి, దానినే కాలువ చేసుకొని, మరింత లోతుకు కోసుకుంటూ సముద్రం వైపు పోతుంది.