సాలు – విత్తనము

సంగారెడ్డి జిల్లాలో జహీరాబాదునకు సమీపమున ఝరాసంగము కలదు. ఆ ప్రాంతపు ఎర్రనేలలలో జొన్న, కంది మొదలగు పలు పంటలను ఒకే చేనిలో పండించు ఆచారము కలదు. విత్తు గొర్రు సాళ్లను సమముగా తీయును. ఏ సాలులో ఏ విత్తనము పడవలెనో నిర్ణయించునది రైతే.

సాఫ్ట్‌వేరు నిర్మాణమున ఫ్రేమ్‌వర్కు అట్టి గొర్రు. 2003లో అమెరికాలోని లారెన్సు నగరమున ఒక వార్తాపత్రిక కార్యాలయపు ప్రోగ్రామర్లు, ప్రతి వెబ్‌సైటునకును చేసిన పనినే మరల చేయవలసి వచ్చుట గమనించి, ఆ ఉమ్మడి పనులను ఒకచోట కూర్చసాగిరి. అదియే 2005లో అందరికిని ఉచితముగా లభించిన జాంగో. లాగిన్, ఫారములు, డేటాబేసు మున్నగువానికి వలసిన ఏర్పాట్లు అందు సిద్ధముగా నుండును. కాలము మిక్కిలి కలిసివచ్చును.

అయినను, విత్తనముల దుకాణమునకు లెక్కల సాఫ్ట్‌వేరు నిర్మించువారు అంతటితో తృప్తి పడరాదు. రైతు విత్తనములను అరువు తెచ్చుకొని, పంట అమ్మిన పిదప బాకీ తీర్చును. ఈ సంగతి ఫ్రేమ్‌వర్కు ఎరుగదు. నెల తిరుగగనే గడువు మీరెనని చూపు సాఫ్ట్‌వేరు, మాట తప్పని రైతును ఎగవేసినవానిగా నిలుపును. కావున ఆదాయైన కాలమును, దుకాణమున కూర్చుండి ఆ వ్యాపారపు పద్ధతులను తెలిసికొనుటకు వినియోగింపవలెను. సాలు తిన్నగా నున్నంత మాత్రమున పంట పండదు. తగిన విత్తనము పడవలెను.